చెప్పినోళ్ళ పేరు ముందు

మా మేస్త్రి పోయాడన్న కబురు నాకు చెప్పింది సెలవు నుంచి తిరిగొచ్చిన కార్పెంటర్. జగిత్యాల దగ్గర మేస్త్రి వాళ్ళ పక్క ఊరే అతనిది. మస్కట్‌లో విమానం దిగి, రుస్తాఖ్ వచ్చి, రూమ్‌లో సంచీ పడేసి, ముఖం కూడా కడుక్కోకుండా నేరుగా ఆఫీసుకొచ్చి చెప్పాడు. పొలం నుంచి వచ్చి అరుగు మీద కూచున్నాడట, మంచినీళ్ళు అడిగాడట, చెంబు వచ్చేలోపే అయిపోయిందట. కబురు ఎవరు మోసుకొచ్చారో ముందు చెప్పి, ఆ తర్వాతే కబురు చెప్పాలన్నది మేస్త్రి పద్ధతి. అందుకే కార్పెంటర్‌తో మొదలుపెట్టాను. ఆయన బతికున్నన్నాళ్ళూ ఈ ఒక్క పద్ధతినీ నేను పాటించలేదు.

ఏడుపొచ్చిందని రాస్తే చదవడానికి బాగుంటుంది గాని, నాకు వచ్చింది కోపం. ఇప్పటికీ తగ్గలేదు. ఎవరి మీదో చెప్తాను. అందులో సగం నా మీదేనని ముందే ఒప్పుకుంటున్నాను.

మాది గోదావరి పక్క. ఒమాన్‌లో, ఈ రుస్తాఖ్ ఊళ్ళో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టైమ్‌కీపర్‌ని. ఎవరు డ్యూటీకి వచ్చారు, ఎవరు రాలేదు అని రాసుకోవడం నా పని. మేస్త్రి నాకంటే చాలా ముందే, ఎనభైల చివర్లో వచ్చాడు. ఇబ్రాలో కొన్నాళ్ళు, సోహార్‌లో కొన్నాళ్ళు గోడలు కట్టి, చివరికి మా సైట్‌కి చేరాడు. చదువు రెండో తరగతి. ఇటుక పెట్టేముందు దాన్ని ఒకసారి వేళ్ళతో కొట్టి, మోత విని పెట్టేవాడు. మోత నచ్చకపోతే పక్కన పడేసేవాడు. ఫోర్‌మన్ అరిచినా అంతే.

మా దేశానికి ఇంటర్నెట్ వచ్చిన కొత్తలు అవి. 'మా దేశం' అని ఒమాన్‌ని అనేశాను, పోనివ్వండి. ఆఫీసు కంప్యూటర్‌కి ఫోను తీగ తగిలిస్తే కాసేపు కూతలు కూసి ప్రపంచంతో కలిసేది. అలా నేను ఒక తెలుగువాళ్ళ గ్రూపులో చేరాను. అమెరికా, సింగపూర్, దుబాయ్, హైదరాబాద్, ఎక్కడెక్కడి వాళ్ళో. ఒకరి ముఖం ఒకరు చూడలేదు గాని రోజూ మాట్లాడుకునే స్నేహితులం. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఒకరు పంపిన ఉత్తరం అందరికీ చేరేలా పంపుకునేవాళ్ళం. శుక్రవారం శుక్రవారం ఒక ఆచారం ఉండేది. 'ఈ వారం నాకు దొరికింది' అని శీర్షిక పెట్టి, ఆ వారం కొత్తగా చదివిందో, విన్నదో, చూసిందో మిగతావాళ్ళకి రాయాలి. ఒకాయన పాత గ్రామఫోన్ రికార్డు దొరికిందని రాసేవాడు. ఒకావిడ జపాన్ బొమ్మలాట చూశానని రాసేది. వాళ్ళ ఉత్సాహం చూస్తే ముచ్చటేసేది. రుస్తాఖ్‌లో నాకేం దొరుకుతుంది? సిమెంటు దుమ్ము. మూడు వారాలు ఏమీ రాయలేక ఊరుకున్నాను.

నాలుగో శుక్రవారం మేస్త్రి ఆఫీసుకొచ్చాడు. సెలవు రోజు, తలస్నానం చేసి, ఇస్త్రీ లుంగీ కట్టుకుని వచ్చాడు. నేనేం చేస్తున్నానని అడిగితే విసుగ్గానే చెప్పాను. ఆయన ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూచుని, నాకు దొరికింది నేను చెప్తా, రాస్తవా అన్నాడు.

ఆయనకు దొరికింది ఫలజ్. కొండల కింద నుంచి సొరంగం తవ్వి నీళ్ళు తెచ్చే పాతకాలపు కాలువని ఇక్కడ అలా అంటారు. నేను రోజూ దాన్ని దాటి ఆఫీసుకు పోతాను, కాళ్ళు తడుస్తాయని తిట్టుకుంటూ. దాని పక్క నేలలో ఒక కర్ర పాతి ఉంటుందని, ఆ కర్ర నీడ ఏ రాయి మీద పడితే ఏ తోట వంతో లెక్క ఉందని, సయీద్ అనే ముసలాయన పొద్దున్నే వచ్చి ఆ నీడ చూసి నీళ్ళు మళ్ళిస్తాడని నాకు తెలియనే తెలియదు. మేస్త్రి నెల రోజులు డ్యూటీకి ముందు పోయి, ఆయన పక్కన కూచుని, సగం ఉర్దూ సగం అరబ్బీలో అడిగి తెలుసుకున్నాడు. ఎందుకంటే మేస్త్రి వాళ్ళది నీరటోళ్ళ కుటుంబం. ఊరి చెరువు తూములు తెరిచి, మూసి, ఆయకట్టుకి వంతులవారీగా నీళ్ళు పెట్టడం వాళ్ళ నాన్న పని. ఆయన కూడా కట్టె నీడ చూసేవాడట. "మా నాయిన చేసిన పనే, తమ్మీ. సముద్రం దాటొచ్చినా గదే పని," అన్నాడు. అంత సంతోషం ఆయన ముఖంలో అంతకుముందు చూడలేదు.

చెప్పడం మొదలుపెట్టేముందు ఒక మాట అన్నాడు. "ముందుగాల సయీద్ పేరు రాయి. చెప్పినోళ్ళ పేరు ముందు రావాలె. ఏ తూమో, ఎవరి వంతో చెప్పకుంట నీళ్ళిడిస్తె పంచాయితి అయితది." వాళ్ళ నాన్న తూము తెరిచేముందు గట్టు మీద నిలబడి ఏ తూము, ఎవరి వంతు అని గట్టిగా కేకేసేవాడట. ఆ కేక వేయకుండా ఒక్కసారి కూడా నీళ్ళు వదల్లేదట. నీ పేరు ఏమని రాయను అని అడిగితే కొంచెం ఆలోచించి, "నా పేరెందుకు? నీరటోని కొడుకు చెప్పిండని రాయి. గది చాలు," అన్నాడు.

నేను రాసుకున్నాను. టైమ్‌షీటు వెనక, ఆయన అన్నది అన్నట్టే. తర్వాత కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు 'సాపు' చేశాను. ఆయన యాస తీసేసి పుస్తకాల భాష పెట్టాను. సయీద్ పేరు, నీరటోని కొడుకు పేరు చదివేవాళ్ళకి అడ్డమని కొట్టేశాను. 'ఫలజ్ ఒడ్డున నేను నెల రోజులు కూర్చుని గమనించినది' అని మొదలుపెట్టాను. నేను. ఒడ్డున. నెల రోజులు. ఆ వాక్యం టైప్ చేసిన వేళ్ళు ఇవే.

గ్రూపులో పండగే అయింది. గ్రూపు పెద్ద మస్కట్‌లో ఉండే ఒకాయన, బాగా చదువుకున్నవాడు. 'ఏం చూపండీ మీది' అని రాశాడు. అందరూ మెచ్చుకున్నారు. నాకు బాగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ తర్వాత రెండేళ్ళు, శుక్రవారం శుక్రవారం మేస్త్రి చెప్పడం, నేను సాపు చేయడం. బలూచీ డ్రైవరు పెళ్ళిపాట, సోహార్‌లో పడవ మరమ్మతు చేసేవాళ్ళు పలకల సందుల్లో దూది కుక్కే పద్ధతి, పాకిస్తానీ వెల్డర్ వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకున్న పొడుపుకథలు. ఆయన చెవి ఊరుకునేది కాదు. ఒకసారి ఏదో ఇంటి ప్రహరీ కట్టడానికి వారం రోజులు పోయి, గోడ అవతల కడప నుంచి వచ్చి ఆ ఇంట్లో పనిచేసే ఒకావిడ జోలపాట పాడుతుంటే విన్నాడు. విశేషం అది కాదు. ఆవిడ పని ముగించుకుని లోపలికి పోయాక, ఆ ఇంటి అరబ్బు పాప బొమ్మని ఒళ్ళో వేసుకుని అదే పాట తెలుగులో పాడుతోంది. ఒక్క ముక్కకీ అర్థం తెలియదు, ఒక్క ముక్కా తప్పు పోలేదు. మేస్త్రి తాపీ పక్కన పెట్టి విన్నాడట. ఆవిడతో మాట కలిపి, మావాళ్ళు ఇట్లా రాస్తారు, లోకమంతా చదువుతారు అని చెప్తే, ఆవిడ, "నా పేరు గూడా రాయించన్నా. మా ఊరోళ్ళు ఎవురన్నా సదువుకుంటారేమో," అని అడిగిందట. రాయిస్తానని మేస్త్రి మాటిచ్చాడు.

ఆ ఉత్తరం ప్రింటు తీసి మేస్త్రికి చదివి వినిపించాను. వింటూ వింటూ మధ్యలో ఆపి, "గా అక్క పేరు ఏడున్నది?" అన్నాడు. మొదట్లోనే ఉంది, చదవడంలో వదిలేశాను అని చెప్పాను. ఆయన నమ్మాడు. అక్షరం ముక్క పెద్దగా రానివాణ్ణి నమ్మించడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. తర్వాత ఆ గోడ పని మీద మళ్ళీ పోయినప్పుడు, ఎవరన్నా జవాబు రాసినారా అన్నా అని ఆవిడ అడిగిందట. ఆయన వచ్చి నన్నడిగాడు. ఇంకా లేదు అన్నాను.

చూపు మందగించి, మేస్త్రి వీసా క్యాన్సిల్ చేయించుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఒక శుక్రవారం, నేను పోయినా రాసుడు ఆపకు, చెవులు నీకు గూడ ఉన్నయి అన్నాడు. ఆపేశాను. గ్రూపు వాళ్ళు అడిగితే తీరిక లేదని రాశాను. నాకు దొరికిందేమీ లేదు కనక.

ఇంతలో గ్రూపు పెద్ద ఆ శుక్రవారం ఉత్తరాలన్నీ పుస్తకంగా వేస్తున్నాడు. అందులో ఎక్కువ భాగం నావి, అంటే మేస్త్రివి. అట్ట మీద నా పేరు. సరిగ్గా అప్పుడు కార్పెంటర్ ఈ కబురు తెచ్చాడు.

ఆ రోజే గ్రూపుకి నిజం రాసేశాను. ఈ ఉత్తరాల్లో ఒక్కటీ నాది కాదు, మా మేస్త్రి చెప్పినవి, పేర్లన్నీ నేను కొట్టేశాను, ఆయన ఇవాళ లేడు, క్షమించండి, పేర్లు తిరిగి పెట్టండి అని. జవాబులొచ్చాయి చూడండి. 'ఎంత వినయం సార్ మీది' అని ఒకరు. 'పోయిన పనివాడికి మీ ప్రతిభనంతా ఇచ్చేస్తున్నారు, కళ్ళు చెమర్చాయి' అని ఇంకొకరు. జపాన్ బొమ్మలాట చూసినావిడ, ఆ శైలి మీదేనని ఏ వాక్యం చదివినా తెలిసిపోతుంది, ఒక తాపీ పనివాడు ఇలా చూడగలడా అని రాసింది. వాళ్ళకి లోకంలో అన్నీ దొరుకుతాయి గాని, ఒక మేస్త్రికి కళ్ళూ చెవులూ ఉంటాయన్న సంగతి మాత్రం దొరకలేదు.

గ్రూపు పెద్ద ఫోన్ చేశాడు. ఆయన మర్యాదస్తుడు, అదే నా ఒళ్ళు మండించింది. "చూడండి, ఆయన పేరుతో వేస్తే ఎవరూ నమ్మరు. పోనీ అంకితం ఇచ్చేద్దాం. మొదటి పేజీలో, చక్కగా," అన్నాడు. ఆయన మాటలు ఆయనకే అంకితమా అని అడిగాను. మీరు ఆవేశంలో ఉన్నారు అన్నాడు. అవును, ఉన్నాను. నా ఉత్తరాలు వేయడానికి వీల్లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను. గ్రూపు నుంచీ వచ్చేశాను.

వాళ్ళని తిట్టడం తేలికే. కాని వాళ్ళు నమ్మకపోవడానికి సాక్ష్యం తయారుచేసి పెట్టింది నేను. ఆయన మాటలో ఆయన గొంతు లేకుండా చేసింది నేను. టైమ్‌షీట్లు కూడా సాపు చేశాక చింపేశాను. ఇప్పుడు మేస్త్రి యాసలో నా దగ్గర మిగిలినవి ఇక్కడ రాసిన ఈ నాలుగు మాటలే. దీన్ని అచ్చువేసే పత్రిక వాళ్ళకి ఒక్కటే విన్నపం, దయచేసి వాటిని సరిచేయొద్దు.

జోలపాట పాడినావిడ పేరు ఓబులమ్మ. కడప జిల్లా. ఆవిడ ఊరివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆవిడ పాట ఇక్కడ ఒక అరబ్బు పాప నోట్లో ఉందని ఆవిడ ఇంటివాళ్ళకి చెప్పండి. రెండేళ్ళు ఆలస్యమైంది. తప్పు మేస్త్రిది కాదు.

మొన్న శుక్రవారం పొద్దున్నే ఫలజ్ దగ్గరికి పోయాను, సయీద్‌కి కబురు చెప్పడానికి. ఇన్నేళ్ళలో అక్కడ కూచోవడం అదే మొదటిసారి. ముందు కార్పెంటర్ చెప్పాడని చెప్పి, తర్వాత మేస్త్రి పోయాడని చెప్పాను. ముసలాయన తన చేతికర్ర నేల మీద పెట్టి, కాలువ గట్టున కూచున్నాడు. తోటలవాళ్ళు నలుగురైదుగురు వంతు కోసం నిలబడి ఉన్నారు. కాలువకి అడ్డంగా గోనెసంచిలో మట్టి కుక్కి, దానికి తాడు కట్టి ఉంది. తాడు లాగితే మట్టి చెదరకుండా సంచి పైకొచ్చేస్తుంది. ఊళ్ళో తూముకి వాళ్ళ నాన్న అలాగే కట్టేవాడని మేస్త్రి ఒకసారి అన్నాడు.

నేలలో పాతిన కర్ర నీడ వంతు రాయి మీదికి వచ్చింది. సయీద్ లేచి తాడు పట్టుకున్నాడు. లాగలేదు. నిలబడ్డవాళ్ళ వైపు తిరిగి అరబ్బీలో గట్టిగా చెప్పాడు. ఈ సంచి కట్టడం మనకి నేర్పింది హిందీ మేస్త్రి (ఇండియావాణ్ణి ఇక్కడ హిందీ అంటారు), నీళ్ళు పంచేవాడి కొడుకు, అల్లా అతన్ని కరుణించాలి అని. పక్కనున్న కుర్రకారుని నేను అడిగాను, ఇవాళ ఆయన పోయాడని ఇలా చెప్పాడా అని. కాదు, తాడు లాగే ప్రతిసారీ ఈ మాట చెప్తాడు, కరుణించాలి అన్నదొక్కటే ఇవాళ కొత్త అన్నారు.

అప్పుడు సయీద్ తాడు లాగాడు. నీళ్ళు ఖర్జూరం చెట్ల వైపు మళ్ళాయి.