రోడ్డుకు అవతలి ఓట్లు

హైదరాబాద్ బస్సులు కొన్ని ఈమధ్య సూర్యాపేట ఊళ్లోకి రావడం లేదు. బైపాస్ మీద దింపేసి, ఇదే సూర్యాపేట అంటున్నాయి. మిగతా సూర్యాపేటకు ఆటో మాట్లాడుకోవాలి. మొన్న లోక్‌సభ ఎన్నికల ప్రచారం ముగిసిన మర్నాడు నేనూ, నా కాలేజీ స్నేహితుడూ అలాగే దిగి, మధ్యాహ్నం భోజనానికి వాళ్లమ్మ దగ్గరికి చేరాం.

మావాడు హైదరాబాద్‌లో ఒక సీటుకు ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. సొంతూళ్లో ఎందుకు నిలబడలేదంటే, ఇక్కడ వాడు అందరికీ తెలుసు. అక్కడ ఒక కాలనీ నిండా మావైపు వాళ్లే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి వెళ్లి ఇళ్లు కట్టుకున్నవాళ్లు. వాడి ఆశంతా ఆ కాలనీయే. లెక్చరర్ ఉద్యోగం వదిలేసి నెలంతా అక్కడే తిరిగాడు. పెళ్లిళ్లకు వెళ్లాడు, దినాలకు వెళ్లాడు, ఎవరిదో బోరు చెడిపోతే మెకానిక్ వచ్చేదాకా పక్కనే నిలబడ్డాడు.

"కోడికూర చేసిన, మంచిగ తినుండ్రి. ఎంపీ అయినంక ఇంట్ల తినుడు యాడ కుదురుతది?" అంది వాళ్లమ్మ వడ్డిస్తూ.

ఫోను మోగింది. కాలనీలో ఉండే మిర్యాలగూడ కుర్రాడు. చేతికి కూర అంటుకుందని మావాడు స్పీకరు పెట్టాడు.

"అన్నా, మన కాలనీ నీ సీట్ల లేదంటనే! మెయిన్ రోడ్డుకు అవతలి దిక్కే నీదంట. ఇవతల మేమంతా వేరే ఎంపీ కిందికి వస్తమంట. పోలింగ్ బూత్ యాడుందో అడుగుదామని పోతే చెప్పిన్రు."

"ఒక్క రోడ్డుకు ఇద్దరు ఎంపీలు ఎట్లుంటరు తమ్మీ? కోదాడ నుంచి మిర్యాలగూడ దాక ఇన్ని ఊర్లకు కలిపి ఒక్కడే గద!"

"పట్నం గదన్నా. జనం ఎక్కువని ముక్కలు కోసిన్రంట. మా మిషిన్ల మీద నీ పేరే ఉండదంట. జర ఏమనుకోకు."

ఇద్దరం పొలిటికల్ సైన్సు చదివినవాళ్లమే. జనాభాను బట్టి నియోజకవర్గాలు విడగొడతారని పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాం. ఆ గీత ఎవరి గల్లీ ముందు పడుతుందో పేపర్లో అడగలేదు.

రోడ్డుకు అవతలి వైపు మావాడు నెలలో ఒక్కసారే వెళ్లాడు, చాయ్ తాగడానికి.

వాళ్లమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది.

"అంటే ఏంది బిడ్డా? నౌకరీ ఇడిసిపెట్టి, నెలంత పరాయోళ్ల వాకిలి ఊడ్సొచ్చినవా?"