ఊపిరికీ దుడ్డే

మొన్న కంప్లి సంతలో చిక్కుడులాంటి అనపకాయల వాసన తగలగానే, ఎనిమిదేళ్లప్పుడు క్రిస్మస్ సెలవులకు బెంగళూరులో పిన్ని దగ్గరికి వెళ్లిన సంగతి గుర్తొచ్చింది.

"ఆడ ఊపిరి పీల్చినా దుడ్డేనమ్మా" అని చెప్పి పంపింది అవ్వ. గాలికీ డబ్బు కట్టాలన్నది నిజమేననుకుని, తెల్లవారి బస్సు దిగగానే ఊపిరి బిగబట్టాను.

"ఏందే, బుగ్గలు అట్ల ఉబ్బించినావు?" అంది పిన్ని.

"పీల్చేకి నా తాన దుడ్డు లేదు పిన్నీ!"

పిన్ని పగలబడి నవ్వింది. "గాలికి ఎవురూ దుడ్డు అడగరు, పీల్చుకో!"

గుండెనిండా పీల్చాను. వీధంతా అనపకాయల కుప్పలే, ఒకటే ఘుమఘుమ! వదిలితే నోట్లోంచి తెల్లటి పొగ! ఆ రోజంతా పార్కుల్లో పరుగెత్తాను. ఒక పెద్ద దుకాణంలో వాటంతటవే పైకి పోయే మెట్లు ఆరుసార్లు ఎక్కాను. ఇంక ఊరికి పోనన్నాను.

పిన్ని బట్టల ఫ్యాక్టరీలో కుట్టేది. నన్ను తిప్పినందుకు ఆ రోజు జీతం కోశారని పెద్దయ్యాక తెలిసింది. ఆమె మాత్రం ఆ రోజు ఒక్కసారి కూడా గడియారం చూడలేదు.