లాండ్రీలో వరద ఆపిన అయిదుగురు

ఆ పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లక్క అంటే తెలియనివాళ్లు లేరు. ఇరవై రెండేళ్లుగా రోగుల దుప్పట్లు ఉతికించి, ఆరబెట్టి, మడతపెట్టి వార్డులకు పంపడమే ఆవిడ బతుకు. నోరు మాత్రం పెద్దది. ఎంతటి డాక్టరైనా సరే, కోటు జేబులో పెన్ను వదిలేసి ఉతుక్కి పంపితే అక్కడికక్కడే కడిగేసేది. అలాంటి మనిషికి ఇంటర్వ్యూ అనగానే భయం పట్టుకుంది.

సంగతేమిటంటే, లాండ్రీని కొత్త కంపెనీకి అప్పగించారు. ఉన్న ఆరుగురిలో ఒక్కరినే సూపర్‌వైజరుగా ఉంచుకుంటారట, మిగతావాళ్లకు ఒక నమస్కారం. నలభై ఎనిమిదేళ్ల వయసులో, ఆ మోకాళ్ల నొప్పులతో, ఆవిణ్ణి ఇంకెవరు పిలిచి పనిస్తారు? మొగుడు మంచం పట్టి మూడేళ్లయింది. ఇల్లు గడిచేది ఆ దుప్పట్ల మీదే.

ఆ ఆరుగురిలో ఒకడైన ఇస్త్రీ మామ కోడలు ఏదో ఆఫీసులో మనుషుల్ని ఎంపిక చేసే పనిలో ఉంది. ఆ పిల్ల జాలిపడి, ఒక ఆదివారం ఆరుగురినీ కూర్చోబెట్టి పాఠం చెప్పింది. ఈ రోజుల్లో కష్టపడతారా అని అడగరట. కష్టం వచ్చినప్పుడు ఏం చేశారో ఒక సందర్భం చెప్పమంటారట. చెప్పేది నాలుగు ముక్కల్లో ఉండాలి. అప్పుడు పరిస్థితేమిటి, మీ మీద పడ్డ బాధ్యతేమిటి, మీరు చేసిందేమిటి, చివరికేమైంది. అందరం కలిసి చేశాం అంటే మార్కులు పడవు, నేనే చేశాను అనాలి.

పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, ఆ పాఠమే కొంప ముంచింది. ఎందుకంటే ఇన్నేళ్లలో ఆ లాండ్రీలో చెప్పుకోదగ్గది జరిగింది ఒక్కటే. తొమ్మిదేళ్ల క్రితం నీళ్లు పొంగి, మోకాలి లోతున నిలిచి, మడతపెట్టిన నాలుగొందల దుప్పట్లు తేలాయి. ఆ నీళ్లలో దిగి కుళాయి కట్టేసింది దుప్పట్లక్క. మిగతా అయిదుగురూ గడపలో నిలబడి అయ్యో అన్నవాళ్లే.

ఇంటర్వ్యూ రోజున బెంచీ చివర కూర్చుంది ఆవిడే. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి, పెళ్లికొడుకుల్లా వెలిగిపోతూ బయటికొస్తున్నారు. ఇస్త్రీ మామను అడిగితే నీళ్ల కథే చెప్పానన్నాడు. మూటలు మోసే తమ్ముడూ అదే. చిరిగిన దుప్పట్లు కుట్టే వదినైతే తాను ఈదానని కూడా చెప్పిందట, మోకాలి లోతు నీళ్లలో. సిగ్గూ శరమూ ఉండక్కర్లేదూ! అయిదుగురు అయిదుసార్లు కట్టేశాక ఆ కుళాయి మీద ఈవిడకంటూ ఏం మిగిలింది? కోపంతో ఒళ్లు మండింది, ఆ వెనకే ఏడుపొచ్చింది.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న పెద్దావిడ కళ్లజోడు తీసి, కష్టం వచ్చిన సందర్భం ఒకటి చెప్పమంది. నీళ్ల సంగతి మాత్రం వద్దనీ, ఆ కుళాయిని పొద్దుట్నుంచి అయిదుగురు కట్టేశారనీ అంది. పక్కవాళ్లిద్దరూ కిసుక్కున నవ్వారు.

దుప్పట్లక్క కుర్చీ ముందుకు జరుపుకుంది.

"కట్టేసినవాళ్లు అయిదుగురొచ్చారు కదమ్మా. తిప్పి వదిలేసినదాన్ని నేను."

నవ్వులు ఆగాయి. మొదలుపెట్టాక ఆ నోటికి ఇక అడ్డేముంది? ఆ పొద్దున నీళ్లు రావడం లేదు. వస్తున్నాయేమోనని కుళాయి తిప్పి చూసింది, చుక్క రాలేదు. అలాగే వదిలేసి టీకి పోయింది. తిరిగొచ్చేసరికి దుప్పట్లు తేలుతున్నాయి. కట్టేసిన మాటా నిజమే. కానీ మేనేజరొచ్చి ఏమైందని అడిగితే పైపు పగిలిందేమో సార్ అంది. అంతే, ఒక్క మాట. పైపు చూసే ఓపిక ఆ మేనేజరుకెక్కడిది? ఆసుపత్రి ప్లంబరు ఉద్యోగం ఊడింది. నా పైపు పగల్లేదని ఆ మనిషి కనపడ్డవాళ్లకల్లా చెప్పుకుని తిరిగాడు, ఒక్కరూ నమ్మలేదు. నిజం తెలిసిన మనిషేమో తల వంచుకుని దుప్పట్లు మడతపెట్టుకుంటూ కూర్చుంది.

చివరికేమైందని పెద్దావిడ అడిగింది.

"ఇంకా ఏం కాలేదమ్మా. ఆయనకి నేనింకా చెప్పలేదు."

"అయితే ముందు వెళ్లి చెప్పండి," అంది పెద్దావిడ. ఇంకేమీ అడగలేదు.

వారం తిరక్కుండా ఆ పోస్టు ఈవిడకే వచ్చింది, అయిదుగురూ ముక్కున వేలేసుకున్నారు, అది వేరే సంగతి. ఆ సాయంత్రానికి అదేమీ తెలియదు. ఉన్న పని కాస్తా చేజేతులా పోగొట్టుకున్నాననుకుంటూనే నేరుగా ప్లంబరింటికి నడిచింది.

ఆయన వాకిట్లో కూర్చుని పాత కుళాయికి వాషరు మారుస్తున్నాడు. తిట్టినా కొట్టినా పడదామనే వెళ్లిన మనిషి, నిలబడే ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. ఆయన చేతిలోని పానా పక్కన పెట్టాడు. తర్వాత ఇంట్లోకి కేకేశాడు.

"ఏమేవ్, పొయ్యి ఆపి ఇట్రా. అల్లుణ్ణి కూడా లేపు."

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది, అల్లుడు కళ్లు నులుముకుంటూ వచ్చాడు. ఆయన తన స్టూలు దుప్పట్లక్క వైపు జరిపాడు.

"మళ్లీ చెప్పమ్మా," అన్నాడు. "మొదట్నుంచి. పైపు పగల్లేదన్న ముక్క కాస్త గట్టిగా చెప్పు."