తలుపుకు ఎదురుగా కూర్చునే పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని ఆమె కొడుకు, మా అన్న, ఫోన్ చేసినప్పుడు నేను అడిగిన మొదటి మాట "బాత్‌రూమ్‌లోనా?" అని. అయ్యో అనలేదు, ఎప్పుడు అనలేదు. "కాదే, మంచంల. పొద్దుగాల చాయ్ తాగి ఒరిగింది, గంతే" అన్నాడు. అప్పుడు కూలబడి ఏడ్చాను. ఇదేం మనిషిరా అని మీకు అనిపించవచ్చు. కానీ పెద్దమ్మ కొత్త ఇంట్లోకి వచ్చిన నాటి నుంచి, పొద్దున ఫోన్ మోగితే చాలు, ఆ వార్తేనేమో అనుకునేదాన్ని. ఆ భయం ఎక్కడిదో చెబితే తప్ప ఆమె ఎలాంటి మనిషో చెప్పలేను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ఊరు పాన్‌గల్. నేను వనపర్తిలో ఇళ్ళకు ప్లాన్లు గీస్తాను. బంగళాలేం కాదు. రెండు గదులు, ఒక వంటిల్లు, మిగిలిన మూలలో బాత్‌రూమ్. చిన్న ఇంట్లో ఎక్కడ జాగా తక్కువ పడినా కోత పడేది ఆ మూలకే. అందులో నీళ్ళ తొట్టి, కూర్చునే బండ పెడితే మనిషి తిరగడానికి చోటుండదు. షవర్ అయితే నిలబడ్డామా, తిప్పామా, అయిపోయింది. అందరికీ అదే గీసేదాన్ని. అన్న పాత ఇల్లు తీసేసి కొత్తది కడతానన్నప్పుడు వాళ్ళకూ అదే గీశాను.

కాగితం మీద వేలు పెట్టి చూపిస్తే పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "నిలబడి తానం జేసుడు నాతోని కాదు బిడ్డా."

"మోకాళ్ళ నొప్పులు కదా పెద్దమ్మా, కూర్చుంటే లేవలేవు" అన్నాను.

"మోకాళ్ళ సంగతి గాదు" అంది. మరేమిటో చెప్పలేదు.

"కొత్త ఇంట్ల షవర్ లేకుంటె నలుగురు నవ్వరా?" అన్నాడు అన్న.

"నవ్వనీ."

పైగా వెంటిలేటర్ కూడా వద్దంది. గాలి ఆడకపోతే గోడలు బూజు పడతాయని నేను, పడనీ అని ఆమె. మొండితనంలో నేనూ ఆమె చెల్లెలి కూతురినే కదా! ఇద్దరం ముఖాలు మాడ్చుకొని జొన్నరొట్టెలు తిన్నాం. అలిగినా వడ్డించడం మాత్రం మానదు. "సాకు, సాకు" అని మనం చెయ్యి అడ్డం పెట్టేదాకా వేస్తూనే ఉంటుంది. సాకు అంటే కన్నడంలో చాలు అని. రాయచూరు అవతల కాలువ పనులకు వలస పోయినప్పుడు నేర్చుకొని, మా ఇంటిల్లిపాదికీ అంటించిన మాట అది.

ఆ మధ్యాహ్నం ఎండకు తాళలేక నేను స్నానానికి వెళితే, పెద్దమ్మ చేతిలో పని వదిలేసి వచ్చి తలుపు బయట నిలబడింది. ఇది చిన్నప్పటి నుంచి ఉన్నదే. ఆడపిల్లలం ఎవరం స్నానానికి పోయినా ఆమె కావలి ఉంటుంది. మధ్యమధ్యలో "ఉన్నవా?" అంటుంది. లోపలి వాళ్ళు "ఉన్న" అనాలి. "లేను, మోరీలకెళ్లి కొట్కపోయిన" అని నేను ఏడిపించేదాన్ని. ఆ రోజు బయటికి వచ్చి తల తుడుచుకుంటూ అడిగాను. "ఎందుకు పెద్దమ్మా గిట్ల నిలబడ్తవు? మనింట్లకు ఎవరొస్తరు?"

ఆమె గడప మీద కూర్చుంది. నా వైపు చూడకుండా చెప్పింది.

"పనికాడ తానానికి నాలుగు కట్టెలు పాతి ప్లాస్టిక్ పట్టా కట్టేటోళ్ళం. అది నడుము దాంకనే వస్తది. కూసుంటె కనబడం, నిలబడితె అంత కనబడ్తది. ఒకరు జేస్తుంటె ఇంకొకరు కావలి. ఒకనాడు నాకు కావలున్నామె, పిల్ల ఏడుస్తుందని పోయింది. నాకు తెల్వదు. మొఖానికి సబ్బు పెట్టుకున్న. పట్టా లేసినట్టయింది. గాలి అనుకున్న."

గడప మీది దుమ్మును అరచేత్తో తుడిచింది.

"గాలి గాదు."

"ఎవరు?"

"తెల్వదు. కండ్లల్ల సబ్బు. ఊపిరి ఇనబడ్డది, గంతే. మొత్తుకునేసరికి ఉరికిండు. తెల్లారి పనికి పోతె అందరున్నరు. మేస్త్రి, ట్రాక్టరాయన, మన ఊరోళ్ళు, నేను అన్నా అని పిలిచేటోళ్ళు. ఆ మొఖాలల్ల ఏ మొఖమో నాకు ఇయ్యాల్టికీ తెల్వదు. వాళ్ళకే గంప ఎత్తిచ్చుకుంట, వాళ్ళ పక్కకే కూసొని తినుకుంట ఆ ఏడు ఎల్లదీసిన."

అప్పటి నుంచి స్నానంలో ఆమె కళ్ళు మూసుకోలేదు. వీపు గోడకు ఆనించి, తలుపుకు ఎదురుగా కూర్చుంటుంది. ముఖానికి ఉత్త నీళ్ళే. పెదనాన్నకు కూడా చెప్పలేదట. "చెప్తె పనికి తోల్కపోడు. పోకుంటె తిండెక్కడిది? నువ్వు గీసేదానివి గనుక నీకు చెప్తున్న" అంది.

షవర్ తీసేశాను. కుర్చీ ఎత్తున నాపరాయి బండ, దాని వెనక గోడ, ఎదురుగా తలుపు, చేతికందేటట్టు చిన్న తొట్టి. వెంటిలేటర్‌ను పైకప్పు దాకా జరిపి జాలీ పెట్టించాను. జాగా చాలక వంటింట్లోంచి అడుగు లాగాను. వదిన సణిగింది. అన్న షవర్ షవర్ అని గునిశాడు. పెద్దమ్మకు నిలబడితే కళ్ళు తిరుగుతాయి కదా అని వాళ్ళ నోళ్ళు మూయించాను.

అది అబద్ధమూ కాదు. పెద్దమ్మకు బీపీ ఉంది. బాత్‌రూమ్ తలుపుకు లోపల గొళ్ళెం పెట్టుకోనివ్వొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. పడిపోతే తలుపు పగలగొట్టేసరికే ఆలస్యమవుతుందట. ఈ మాట చెబితే పెద్దమ్మ నా మీద ఇంతెత్తున లేచింది.

"ఇల్లంటె ఏందనుకున్నవే? లోపల్నించి పెట్టుకునే గొళ్ళెం. అది లేకుంటె నాకు మల్ల పట్టానే."

గొళ్ళెం ఉంచాను. ఎవరో వస్తారన్న భయం ఆమెది, పడిపోతుందేమోనన్న భయం నాది. రెంటికీ కలిపి ఒక తలుపు గీయడం నాకు చేతకాలేదు. లోపల మనిషి అడ్డం పడినా తెరుచుకునేటట్టు తలుపును బయటికి లాగేలా పెట్టించి, బయట నిలబడమని వదినను బతిమాలుకున్నాను.

పోయిన వానకాలం నేను వెళ్ళినప్పుడు కావలి నాది. "ఉన్నవా?" అంటే "ఉన్న" అంది. చెంబు చప్పుడు వినిపించింది. ఇంకోసారి పిలిచాను. పలకలేదు. నల్లా నీళ్ళు పారుతూనే ఉన్నాయి. "పెద్దమ్మా!" అని అరిచాను. తలుపు బాదాను. భుజంతో నెట్టాను. బయటికి తెరుచుకునే తలుపు నెడితే వస్తుందా! నేను పెట్టించిన తలుపే నాకు అడ్డం నిలబడింది. వదిన వచ్చి పిడి పట్టి గుంజింది. అన్న పలుగు కోసం పెరట్లోకి ఉరికాడు. చచ్చిపోయింది, నా వల్లే చచ్చిపోయింది అనుకున్నాను.

అప్పుడు గొళ్ళెం తీసిన చప్పుడయింది. ఒంటికి చీర చుట్టుకొని, ముఖం నిండా నురగతో పెద్దమ్మ.

"ఏందే, ఇల్లు కూలగొడ్తవా? మొఖానికి సబ్బు పెట్టుకున్న. నోరు తెరిస్తె లోపలికి పోతదని పలుకలే."

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె నవ్వింది. అప్పుడు చూశాను, నురగ కింద రెండు కళ్ళూ మూసే ఉన్నాయి.

"కండ్లు మూసుకున్నవా?" అన్నాను.

"మూసుకున్న. ఏం గాలే."

ఇప్పుడు ఎవరి ఇంటికి ప్లాన్ గీసినా ముందు ఆ ఇంటి ఆడవాళ్ళను పక్కకు పిలిచి, మీరు ఎటు తిరిగి కూర్చుంటారు, కూర్చుంటారా నిలబడతారా అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. కొందరు నవ్వరు, తలుపు దగ్గరికి వేసి వచ్చి చెబుతారు. ఆ మాటలు వినడం నాకు పెద్దమ్మే నేర్పింది. అందుకు ఆమెకు దండం పెట్టుకుంటాను. కానీ విన్న ప్రతిసారీ భయం కొంచెం పెరుగుతుంది తప్ప తగ్గడం లేదు.

నేను చేరేసరికి పెద్దమ్మను వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టారు. ఆఖరి స్నానం అక్కడే, ఆకాశం కింద. ఆడవాళ్ళు నాలుగు వైపులా చీరలు పట్టారు. ఒక కొస నాకిచ్చారు. వదిన నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. మగవాళ్ళంతా గోడ దగ్గర అటు తిరిగి నిలబడ్డారు. అందరూ మావాళ్ళే, నేను వరసలు పెట్టి పిలిచేవాళ్ళే. గాలి వచ్చి చీర లేచింది. మడమతో అంచును నేలకు తొక్కిపట్టి, రెండు చేతులూ పైకెత్తి, పెద్దమ్మకు వీపు పెట్టి నేను వాళ్ళ వైపు తిరిగాను. ఎవరూ ఇటు చూడలేదు. అయినా నీళ్ళ చప్పుడు ఆగేదాకా వాళ్ళ మీది నుంచి చూపు తిప్పలేదు.