బావగారి ఒంటి చక్రం పరీక్ష
మా బావ కారు విడిభాగాల దుకాణంలో కౌంటర్ వెనక నిలబడి జుట్టు నెరిపించుకున్న మనిషి. బండిలో ఉండే ప్రతి ముక్క పేరూ ఆయనకు తెలుసు. ఏ ముక్కా బిగించి ఎరగడు. అయినా వీధిలో ఎవరి బండి మొరాయించినా చేతులు వెనక్కి కట్టుకుని ముందు నిలబడేది ఆయనే. కాసేపు చెవి ఒగ్గి విని, "పోయింది" అంటాడు. ఏం పోయిందని అడిగితే మన తెలివితక్కువతనానికి జాలిపడి ఊరుకుంటాడు. అందుకే చాటుగా అందరూ ఆయన్ని "పోయింది గారు" అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. మరదలికి ఆ మాత్రం హక్కు ఉంటుంది.

ఆయన వైద్యంలో ఒక విశేషం ఉంది. అక్క గడప దాటాలనుకున్నప్పుడే బండికి జబ్బు చేస్తుంది. కంప్యూటర్ క్లాసులో చేరతానన్నప్పుడు స్కూటర్ బ్రేకులు పోయాయి. నా కాన్పుకు వచ్చి నాలుగు రోజులు ఉంటానన్నప్పుడు క్లచ్ పోయింది. ఆ క్లచ్ పోయిన స్కూటర్ మీదే బావ స్నేహితుడి ఇంటికి వెళ్ళి పేకాడి వచ్చాడు. ఆ సంగతి తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈసారి అక్కకు ఉద్యోగం వచ్చింది. కొండ మీది డెయిరీలో పాల నాణ్యత పరీక్షించే పని. బస్సు కొండ కిందే ఆగిపోతుంది. పైకి మట్టి రోడ్డు, వాన పడితే బురద. సోమవారం చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామని వాళ్ళు ముందే చెప్పేశారు. ఇంట్లో పాత కారు ఉంది. అక్కకు లైసెన్సు ఉంది. ఇక అడ్డు ఏముంది అంటారా, బావ ఉన్నాడు.

"డిఫరెన్షియల్ పోయింది," అన్నాడు ఆదివారం పొద్దున టీ తాగుతూ. "బురదలో ఇరుక్కుంటే ఎవరొచ్చి లాగుతారు? నీ మంచికే చెబుతున్నా."

వెనక చక్రాలు రెండింటికీ ఇంజిన్ బలం పంచేది ఈ డిఫరెన్షియల్. మామూలుదైతే, ఒక చక్రం బురదలో జారితే అది ఊరికే గిర్రున తిరుగుతుంది, రెండోది గుడ్లప్పగించి చూస్తుంది, బండి కదలదు. మా వాళ్ళ కారులో ఉన్నది లిమిటెడ్ స్లిప్ రకం. ఒక చక్రం జారినా, నేల పట్టు ఉన్న రెండోదానికి కూడా బలం అందిస్తుంది. అది బాగుంటే అక్క కొండెక్కుతుంది. పోతే ఉద్యోగమూ పోతుంది.

అక్క వాదించలేదు. మెకానిక్‌కు ఫోన్ చేసింది. వెనక చక్రాలు రెండూ పైకి లేపి, న్యూట్రల్‌లో పెట్టి, ఒకదాన్ని చేత్తో తిప్పమన్నాడతను. రెండోది కూడా అదే వైపు తిరిగితే బాగున్నట్టు, ఎదురు వైపు తిరిగితే పోయినట్టు.

బావ నవ్వాడు. "చేత్తో తిప్పడానికి ఇదేమన్నా తిరగలా? ఇంజిన్ మీద చూడాలి. ఒక్క చక్రం లేపి గేరేస్తా. లేచిన చక్రం ఒక్కటే తిరిగి బండి కదలకపోతే పోయినట్టే."

"మరి బాగుంటే ఏమవుద్ది బావా?" అన్నాను.

"పోయిందని చెబుతుంటే బాగుంటే అంటావేంటి?"

సాక్ష్యానికి పక్కింటి దర్జీని కూడా పిలిచాడు. కారు పెరట్లో, మూసిన షెడ్డు రేకు తలుపుకు ఎదురుగా ఉంది. వెనక కుడి చక్రం కింద జాకీ పెట్టి లేపాడు. మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టమంది అక్క. కదలని బండికి రాళ్ళెందుకన్నాడు. లోపల కూర్చుని, హ్యాండ్ బ్రేక్ దించి, మొదటి గేరు వేసి, మావైపు ఒక చూపు చూసి క్లచ్ వదిలాడు.

గాల్లో ఉన్న చక్రం తిరిగింది. నేల మీది చక్రం కూడా తిరిగింది. జాకీ పక్కకు ఒరిగిపోయింది, కారు దబ్బున కిందపడి, పడిన వేగంతోనే రేకు తలుపును గుద్దుకుని ఆగింది. నేను ముందు బావ దగ్గరకు పరుగెత్తాను. తలుపు మధ్యలో పెద్ద సొట్ట. స్టీరింగ్ పట్టుకుని నోరు వెళ్ళబెట్టిన బావకు దెబ్బేమీ తగల్లేదని చూశాక మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాను.

"బాగానే పని చేస్తోందండీ," అన్నాడు దర్జీ వినయంగా.

బావ గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు రేడియేటర్ పోయి ఉంటుంది."

"మీరు దిగండి," అంది అక్క.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆయనా విని ఉండడు, వెంటనే దిగాడు. అక్క వంగి కారు కింద చూసింది. నీళ్ళు ఒక్క చుక్క కూడా కారడం లేదు. బంపర్ నొక్కుకుంది, అంతే. సీటు ముందుకు జరుపుకుని కూర్చుని, ఇప్పుడే ఒకసారి కొండెక్కి దారి చూసుకొస్తానంది. నేను పక్కన ఎక్కాను. కారు వెనక్కి తీసి గేటు దాటుతుంటే బావ కిటికీ దగ్గరకు వచ్చాడు.

"ఎప్పుడొస్తావ్?"

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడిగేది అక్క. బావ ఏనాడూ జవాబు చెప్పకుండానే వెళ్ళేవాడు. అక్క మాత్రం బండి ఆపి, ఆయన మొహంలోకి చూసి మరీ చెప్పింది.

"పనయ్యాక వస్తా."