సోకు తీసి లాగాలి

నెల్లిమర్ల బజారులో టకటకమని బూట్ల చప్పుడు వినబడితే, తల ఎత్తకుండానే ఇంజన్ల కూర్మయ్య వస్తున్నాడని చెప్పేసేవారు. జూటుమిల్లులో పదిహేనేళ్లు యంత్రాలకు నూనె పోసిన మనిషి. బయటికి వచ్చేటప్పుడు ఆ విద్యతో పాటు ఓ జత తోలుబూట్లు కూడా తెచ్చుకున్నాడు. బురదలో దిగినా విప్పడు, పెళ్లి భోజనంలో కూర్చున్నా విప్పడు. బూట్లేసుకున్నవాడి మాట ఇంజనైనా వింటుందని అతని నమ్మకం.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. పొలాల్లోకి కిరసనాయిలు ఇంజన్లు అప్పుడప్పుడే దిగుతున్నాయి. చక్రానికి తాడు చుట్టి బలంగా ఒక్క లాగు లాగితే పెట్రోలు మీద పలుకుతుంది, వేడెక్కాక కిరసనాయిలు మీద నడుస్తుంది. పలక్కపోతే, కూర్మయ్య లెక్కలో ఇంజనుకు ఉన్నవి మూడే రోగాలు. ట్యాంకులో చుక్క లేకపోతే ఆకలి. ప్లగ్గులో నిప్పు రాకపోతే చలి. పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసిపోతే అజీర్తి. నాలుగో రోగం ఇంకా పుట్టలేదని ఊరూరా చెప్పుకు తిరిగేవాడు.

ఎందుకు పుట్టలేదూ, అతని నాలుక మీదే ఉంది. ఇంజనుకు గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ అందించే చిన్న మీట ఒకటుంటుంది. దాని పేరు చోక్. ఇంజను చల్లగా ఉంటే చోక్ పెట్టి, అంటే ఆ మీట మూసి లాగాలి, పలగ్గానే తీసేయాలి, అంటే తెరిచేయాలి. ఇంతే పని. కానీ మా వైపు నోళ్లలో 'చ' నిలబడి చస్తేనా! చెప్పు సెప్పవుతుంది, చూడు సూడవుతుంది, ఆ చోక్ కాస్తా సోకవుతుంది. సోకంటే మాకు పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ముస్తాబే.

భోగాపురం అవతల పల్లెలో దాలయ్య అనే రైతు కూర్మయ్య మాట మీదే ఇంజను తెచ్చుకున్నాడు. బిగించిన రోజున అది ఒక్క లాగుకే పలికి బావిలో నీళ్లు బుడబుడా బయట పోసింది. కూర్మయ్యకు ఆనందం ఆగలేదు. ఇది పలకనినాడు నేనే ఏతం ఎక్కి తొక్కుతానని పదిమంది ముందు అనేశాడు. ఏతం తొక్కడమంటే మాటలా! బావి మీద వాలిన పొడుగాటి మాను ఎక్కి, ముందుకీ వెనక్కీ నడుస్తూ ఉంటే బాన మునిగి లేస్తుంది. కూర్మయ్యకు నిచ్చెన ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి. ఆ సంగతి ఎవరికీ తెలియదు గాని, అతను అన్న మాట మాత్రం దాలయ్య భార్య జగ్గమ్మ గట్టిగా గుర్తు పెట్టుకుంది.

ఆషాఢం వచ్చింది, వాన రాలేదు. ఇంట్లో విత్తనమంతా నారు కోసం ఆకుమడిలో చల్లేశారు, ఇంకో గింజ లేదు. మొలకలు బెత్తెడు లేచాయి. సరిగ్గా అప్పుడే ఇంజను మూగబోయింది. నెల్లిమర్లకు బస్సులో ఎండుచేపల గంప వేసుకొచ్చే దానమ్మ చేత దాలయ్య కబురు పెట్టాడు. కూర్మయ్య టీ తాగుతూ, ఈమాత్రానికి నేనెందుకు అన్నట్టు చెయ్యి ఊపాడు.

"పొద్దున్న సల్లగా ఉంటాది గదా. సోకు పెట్టి లాగమను."

దానమ్మ ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. దాలయ్యకు ఆశ్చర్యమేసింది గాని, యంత్రం చదువు చదివినవాడు చెప్పాక మనకెందుకని మర్నాడు తలంటుకున్నాడు. శుభకార్యాలకని దాచుకున్న పొందూరు పంచె కట్టాడు, వాసన నూనె రాశాడు, కళ్లకు ఇంత కాటుక కూడా పెట్టాడు. జగ్గమ్మ ఊరుకుంటుందా, ఇంజనుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, ఎక్కడా తగిలించే వీలు లేక బయటికి పొడుచుకొచ్చిన ఓ మీటకు బంతిపూల దండ వేలాడదీసింది. పెళ్లికొడుకులా దాలయ్య ఇరవైసార్లు తాడు లాగాడు. పంచె చిరిగింది, ఇంజను పలకలేదు.

సోకు పెట్టి లాగినా లాభం లేదట అని దానమ్మ మళ్లీ కబురు తెచ్చింది. పెట్టి అలాగే ఉంచేశాడా అని కూర్మయ్య అడిగాడు. అలాగే ఉంచాడట, చూడ్డానికి మాత్రం బాగున్నాడట. చివరి ముక్క కూర్మయ్య చెవికి ఎక్కలేదు.

"సోకెక్కువైతే ప్లగ్గు మునిగిపోతాది. మొత్తం తీసీసి లాగమను."

మూడోరోజు దాలయ్య మొత్తం తీసేశాడు. గోచీ తప్ప ఒంటి మీద దారప్పోగు లేదు. జగ్గమ్మ దండ తెంపి, బొట్లు పోవాలని ఇంజను మీద కుండెడు నీళ్లు కుమ్మరించింది. ఊరు ఊరంతా గట్టు మీద చేరి ఆ లాగుడు చూసింది. ఆకుమడి అంచులు మాత్రం బీటలు తీశాయి.

గోచీ వరకూ తీశాడట, ఇంకా తియ్యాలా అని దానమ్మ అడిగేసరికి కూర్మయ్య చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఒక్క క్షణంలో అతనికి అంతా అర్థమైంది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. సామాన్ల సంచీ భుజాన వేసుకుని మొదటి బస్సే ఎక్కాడు.

వెళ్లి చూస్తే, దండ బరువుకు చోక్ మూసుకుపోయి అలాగే ఉంది. దండ తీసినవాళ్లకు ఆ మీట సంగతి తెలియదు కదా. ప్లగ్గు విప్పితే పెట్రోలు కారింది, లోపలా బయటా నీళ్ల చెమ్మ. ఇదేరా సోకంటే అని మీట తెరిచి మూసి చూపించాడు. జగ్గమ్మ కూడా వంగి చూసింది. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి మడి బతికుండాలి కదా.

కూర్మయ్య ప్లగ్గు తుడిచాడు, ఊదాడు, బిగించి లాగాడు. మళ్లీ విప్పాడు, మళ్లీ లాగాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంజను కిక్కురుమనలేదు. చివరికి ప్లగ్గును ఎండలో కాలుతున్న రాతి మీద పెట్టి కూలబడ్డాడు. ఆరితే గాని పలకదని, ఎప్పటికి ఆరుతుందో చెప్పలేనని ఒప్పుకున్నాడు. దాలయ్య వాడిపోతున్న మొలకల వైపు చూసి ఏడుపు మొహం పెట్టాడు. జగ్గమ్మ ఏతం వైపు ఒక్కసారి చూసిందంతే.

అన్నమాట అన్నమాటే. కూర్మయ్య దేవుళ్లందరికీ దణ్ణం పెట్టుకుని, బూట్లతోనే ఏతం ఎక్కాడు. కింద బాన దగ్గర దాలయ్య నిలబడ్డాడు. నాలుగు బానలు పడ్డాయో లేదో, నున్నటి మాను మీద కూర్మయ్య బూట్లు సర్రున జారుతున్నాయి. అయినా ఆగలేదు. ఆ మడిలో గింజలు తన మాట మీద చల్లినవని అతనికి తెలుసు.

ఇంతలో కింద డబడబమంటూ మోత లేచింది. పొగ కమ్మేసింది. కూర్మయ్య అదిరిపడి మాను చివర రెండు చేతులా కరుచుకున్నాడు. రాతి మీద ప్లగ్గు ఎండిపోయింది, జగ్గమ్మ తను చూసినట్టే బిగించి, చీర కుచ్చిళ్లు దోపి, ఒక్క లాగు లాగింది. నీళ్లు కాలవలోకి దూకాయి. దాలయ్య బానా గీనా వదిలేసి, పిచ్చివాడిలా నవ్వుతూ మడి వైపు పరుగెత్తాడు.

"సోకు తీసీ!" అని కూర్మయ్య పైనుంచే అరిచాడు. అలవాటు ఎక్కడికి పోతుంది.

ముందే తీసేశానని జగ్గమ్మ చెప్పింది. కూర్మయ్య హమ్మయ్య అనుకుని దిగబోయాడు. బూటు జారింది. మళ్లీ మాను కరుచుకున్నాడు. ఇంకోసారి ప్రయత్నించాడు, ఇంకాస్త జారింది. ఇప్పుడెలా దిగాలని చివరికి పైనుంచి సన్నగా అడిగాడు.

జగ్గమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఇంజనును చూసినట్టే అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. చూపు బూట్ల దగ్గర ఆగింది.

"నీ సోకు తీసీ, మావా."

కూర్మయ్య ఒక బూటు విప్పి కిందికి వదిలాడు. తర్వాత రెండోది వదిలాడు. ఉత్తికాళ్లతో, పసిపిల్లాడిలా, మాను పట్టుకుని మెల్లగా దిగి వచ్చాడు.