నలుసో, చుక్కో

మొన్న రొయ్యల పచ్చడికని వెనిగర్ సీసా మూత తీశాను. ఆ పులుపు ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, నా కుడిచేతి వేళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. డెబ్భైలలో, గుణదలలో, దేవదానం గారి ఫొటో స్టూడియో డార్క్‌రూమ్‌లో ఫొటోలు కడిగే మందులది ఇదే వాసన. నేనక్కడ రీటచింగ్ చేసేదాన్ని. నెగటివ్‌లో మొటిమలుంటే పెన్సిల్‌తో పూడ్చడం, నల్ల నలుసులు పడితే బ్లేడు మొనతో గీకెయ్యడం నా పని.

పగలంతా పెళ్లిఫొటోలు కడిగే ఆ పెద్దమనిషి, సాయంత్రం కరెంటు పోయి ఊరు చీకటైతే పండగొచ్చినట్టు డాబా ఎక్కేవారు. ఆకాశంలో గొల్లకావడి అనే మూడు చుక్కల కింద పొగలాంటి మచ్చ ఒకటి ఉంటుందట, దాన్ని ఫొటో తీయాలి. ఆకాశం జరిగిపోతుంటుంది గనక, టెలిస్కోపులో అడ్డగీతల మధ్య ఒక చుక్కను పట్టుకుని, అది జారకుండా అరగంటసేపు చేత్తో మర తిప్పుతూ ఉండాలి. ముసలిచెయ్యి వణికిందా, చుక్కలన్నీ గీతలే. మూడు చలికాలాలు గీతలే వచ్చాయి. కంటికి సరిగ్గా ఆననిదానికి ఫొటో ఏమిటో నా బుర్రకెక్కేది కాదు.

ఒకరోజు పొద్దున నా బల్లమీద గాజు నెగటివ్ ఒకటి ఉంది. అబ్బ, ఎన్ని నలుసులో! మందు సరిగ్గా కరిగించి ఏడవరు కదా అని తిట్టుకుంటూ, మధ్యాహ్నానికి సగం పలక శుభ్రంగా గీకేశాను.

ఆయన వచ్చి చూసి స్టూలు మీద కూలబడ్డారు. "అవి చుక్కలమ్మాయ్. నెగటివ్ కదా, నల్లగా పడతాయి. మూడేళ్లకి గుండ్రంగా వచ్చినవి."

మా ఆయనకు అప్పుడు పని లేదు, నా జీతంతోనే ఇల్లు గడుస్తోంది. ఇక ఈ ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

"ఏది నలుసో, ఏది చుక్కో నీకెలా తెలిసింది?" అన్నారు.

"తెలియలేదండీ," అంటుంటేనే ఏడుపొచ్చేసింది.

"నిజం చెప్పనా? నాకూ తెలియదు."

లేచి, ముందురోజు గీతలు పడి చెడిపోయిన పలక తెచ్చి దీనిమీద ఆనించి, దీపం ముందు పట్టుకున్నారు. ఇక్కడి మచ్చకు అక్కడ గీత ఉంటే చుక్క, లేకపోతే నలుసు. నేను గీకినవాటిలో నలుసులూ ఉన్నాయి, చుక్కలూ ఉన్నాయి. తిడతారని చూస్తుంటే ఆయన నా చేతివంక చూశారు. "ఇన్ని గీకావు, ఒక్కచోటా బ్లేడు జారలేదే! సాయంత్రం మీ ఆయన్ని తీసుకుని రా."

ఆ సాయంత్రం మర నేను తిప్పాను. నా మెడమీద వాలే దోమల్ని మా ఆయన తోలుతూ నిలబడ్డాడు. చుక్కలన్నీ ఆవగింజల్లా గుండ్రంగా వచ్చాయి! దాన్నీ, గీకగా మిగిలిన పలకనూ కలిపి ప్రింటు వేస్తే గరుకు తగ్గి, ఆ పొగమచ్చ మడతలతో సహా కనిపించింది. దేవదానం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

అయితే నా పలకలో ఒక చుక్క ఎక్కువుంది. ముందువాటిలో ఆ చోట ఏమీ లేదు.

"గీకెయ్యనా అండీ?"

"నా లెక్కప్రకారం నలుసే. కానీ నీ చెయ్యి నాకన్నా నిలకడ, నాకు అందనిది నీకు అందిందేమో. ఇంకోటి తీసి చూద్దాం, అందాకా ఉంచు."

ఆ వారమంతా మబ్బులు, తర్వాత ఎండాకాలం. మళ్లీ చలికాలానికి ఆయన లేరు.

ఆ పలక నా పెట్టెలో చీరలమధ్య ఉంది. అప్పుడప్పుడు కిటికీ వెలుగులో పట్టి చూస్తాను. ఇప్పుడు నా చెయ్యీ వణుకుతోంది. అది నలుసో, చుక్కో ఇప్పటికీ తెలియదు. గీకలేదు.